పనిముట్టు విలువ

వస్తువు ధర దుకాణంలో తెలుస్తుంది. దాని విలువ పనిలో తెలుస్తుంది. ఈ రెండింటి నడుమ ఉన్న భేదాన్ని నేను గ్రంథాలలో చదివి తెలుసుకోలేదు. మెదక్ జిల్లా టేక్మాల్‌లో మా మేనమామ నడిపిన మరమ్మతు దుకాణంలో నేర్చుకున్నాను.

సైకిళ్లు మొదలుకొని వ్యవసాయపు మోటార్ల వరకు అన్నీ ఆ దుకాణానికి వచ్చేవి. సెలవు దినాలలో నేను ఆయనకు పానాలు అందించేవాణ్ణి. గోడకు రెండు వరుసలుగా పానాలు వేలాడుతుండేవి. పై వరుసలో ఉన్నవి కొన్నే. వాటిని ఆయన ఎవరికీ ఎరువు ఇచ్చేవారు కాదు.

“అన్నీ ఒక్కతీరుగానే ఉన్నాయి గదా మామా, వీటికే అంత ధర ఎందుకు?” అని అడిగాను.

“మెరుపు చూడకు అల్లుడా, నోరు చూడు” అన్నారాయన.

నట్టుకు ఆరు ముఖాలుంటాయి. నోరు తెరిచిన పానా వాటిలో ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాలనే పట్టుకుంటుంది. ఇనుము మెత్తనిదైతే బలం పడగానే ఆ నోరు విచ్చుకుంటుంది. పానా జారి నట్టు మూలలు అరిగిపోతాయి. పనివాని వేళ్లు చిట్లుతాయి. రింగు పానా ఆరు మూలలనూ పట్టుకుంటుంది కనుక అంత సులభంగా జారదు. మేలైన పానాను పోతపోయరు. ఎర్రగా కాల్చిన ఉక్కును అచ్చులో పెట్టి కొట్టి రూపమిస్తారు. ఆ ఉక్కులో కొద్దిపాటి క్రోమియం, వెనేడియం కలుస్తాయి. తరువాత దానికి పదును పెడతారు. పదును మితిమీరితే పానా విరుగుతుంది, చాలకపోతే వంగుతుంది. పానా నోరు పిడికి 15 డిగ్రీలు వాలి ఉండటం కూడా శోభకు కాదు. ఇరుకు చోట పానాను తిరగవేసి పట్టిస్తే నట్టు కొద్దికొద్దిగా కదులుతుంది.

ఉక్కు గుణమెరిగిన నేల మనది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. పాశ్చాత్యులు ‘ఊట్జ్’ అని కొనియాడినది ఈ జాతి ఉక్కునే. నేడు మన దేశంలో చేతి పనిముట్ల తయారీకి పంజాబులోని జలంధర్, లూధియానా పేరుపొందాయి.

ఒక యాసంగిలో వరి పొట్టమీద ఉండగా ఒక రైతు పంపు ఆగిపోయింది. అంతకుముందే ఎవరో నాసిరకం పానాతో ప్రయత్నించి బోల్టు తలను గుండ్రంగా అరగదీశారు. మామ ఆకురాయితో ఆ తలను రెండు వైపులా రాకి, ఒక సైజు తక్కువ పానా పట్టించి విప్పారు. పానా మీద మిగిలింది కొద్ది రూపాయలు. పొలానికి తప్పింది రెండు రోజుల తడి.

అయితే ఖరీదైనదల్లా మేలైనదని ఆయన ఏనాడూ అనలేదు. ఆయన వాడిన ఉలి, గడ్డపార ఊరి కమ్మరి చేసినవే. ఏడాదికొకసారి వాడే పనిముట్టుకు ఎక్కువ డబ్బు పెట్టడం వృథా అనేవారు. ఆయన వద్ద పని నేర్చిన ఒక యువకుడు సొంత దుకాణం పెట్టుకోదలిచాడు. చేతిలో ఉన్న సొమ్ముకు ఇరవై నాలుగు చవక పానాల పెట్టె వస్తుంది, లేదా ఆరు మంచి పానాలు వస్తాయి. “10–11, 12–13, 14–15 — రోజూ చేతిలో ఆడేవి ముందు కొను. తక్కినవి నీ సంపాదనే కొంటుంది” అన్నారు మామ. అతడు ఆ మాటే విన్నాడు. ఆ ఆరింటితోనే దుకాణం తెరిచాడు.

అరవై రూపాయల పానా ఒక్క ఏడాదికే అరిగిందనుకుందాం. మూడు వందల పానా ఇరవై ఏళ్లు నిలిచిందనుకుందాం. మొదటిదానికి ఏడాదికి అరవై, రెండవదానికి పదిహేను. అయినా చేతిలో ఆ మూడు వందలు లేనివాడు చవకదే కొంటాడు. పేదవానికి చవకే ప్రియమయ్యేది ఇక్కడనే. కనుక ఉన్న కొద్ది సొమ్మును ఎక్కడ పెట్టాలో తెలియడమే పనివాని తొలి నైపుణ్యం. ఆ వివేకం చేతిపనికే కాదు, చదువుకూ జీవితానికీ అవసరమే.