ప్యాలెట్‌ది ఏ ఊరు?

"మీది ఏ ఊరు?" అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేను. నాన్నగారిది బదిలీల ఉద్యోగం. పుట్టింది కాకినాడలో, ఒకటో తరగతి భువనేశ్వర్‌లో, తర్వాత నాగపూర్, ఇప్పుడు ఇక్కడ. మనలో చాలామంది సంగతి ఇంతే కదా!

ఈ మధ్య మా క్వార్టర్స్ వెనుక ఉన్న గోడౌన్‌లో ప్యాలెట్లను చూసినప్పుడు, వాటిది ఏ ఊరో అనిపించింది. ప్యాలెట్ అంటే సరుకుల పెట్టెల కింద ఉండే చెక్క బల్ల. దాని అడుగున ఉన్న ఖాళీలోకి ఫోర్క్‌లిఫ్ట్ రెండు ఇనుప కడ్డీలను దూర్చి, పైనున్న పెట్టెలన్నిటినీ ఒకేసారి ఎత్తుతుంది. ఒక్కో పెట్టె మోయక్కర్లేదు.

హైదరాబాదు నుంచి సబ్బులతో వెళ్లిన ప్యాలెట్ గువాహటిలో దిగిందనుకోండి. ఖాళీ బల్లను వెనక్కి తేవాలంటే లారీ కిరాయి దండగ. అందుకే చాలా కంపెనీలు ప్యాలెట్లను కొనకుండా అద్దెకు తీసుకుంటాయి. సరుకు దిగాక ప్యాలెట్లు దగ్గరలోని డిపోకు చేరతాయి. అక్కడ పరీక్షించి, విరిగిన పలక తీసి కొత్తది కొట్టి, మరో కంపెనీకి ఇస్తారు. అది టీ పొడి మోస్తూ ఇంకో ఊరికి బయలుదేరుతుంది. 1200 మిల్లీమీటర్ల పొడవు, 1000 మిల్లీమీటర్ల వెడల్పు వంటి ఒకే కొలత ఉండటం వల్ల ఎక్కడికెళ్లినా ఇమిడిపోతుంది.

ఈ పద్ధతికి పాత కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం ఆస్ట్రేలియాలో వదిలివెళ్లిన ప్యాలెట్లను, యంత్రాలను అక్కడి ప్రభుత్వం ఉమ్మడిగా వాడేలా ఏర్పాటు చేసింది. దాని నుంచి పుట్టినదే చెప్ అనే సంస్థ. దాని నీలం రంగు ప్యాలెట్లు మన దేశంలోనూ తిరిగాయి.

మనకూ ఏ ఊరెళ్లినా అవే పాఠ్యపుస్తకాలు, అదే సిలబస్. కాబట్టి చదువు ఆగదు. కానీ ఒక తేడా ఉంది. ప్యాలెట్‌కు పలక విరిగితే మరొకటి కొడతారు. నాగపూర్‌లో నాతో రోజూ టిఫిన్ పంచుకున్న నేస్తం చోటులోకి ఇంకెవరూ రారు. ఆ చోటు అలాగే ఉంచి, కొత్తవాళ్లకు పక్కన చోటు చేయడం నేర్చుకుంటున్నాను.

దిగిన ప్రతిచోటా అందుకునే డిపో లేకపోతే ప్యాలెట్ ఏదో గోడ పక్కన పడి పుచ్చిపోతుంది. మిత్రులారా, ఈ ఏడాది మన తరగతికి టీసీ పట్టుకుని కొత్తగా వచ్చినవారు ఉన్నారు. "మీది ఏ ఊరు?" అని తర్వాత అడుగుదాం. ముందు మన బెంచీ మీద కాస్త జరుగుదాం.