తమ్ముడి పేరు

దువ్వాడలో ఉక్కు కర్మాగారం షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చాక మోకరిస్తాను. తమ్ముడి పేరు ఎత్తని ప్రార్థన లేదు. వాడు తాగుడు మానలేదు.

అలాంటప్పుడు ఒక పాత ప్రార్థన గుర్తుకొస్తుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండెక్కి, అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ప్రార్థించారు. తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడిచిన రోజులవి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనవాళ్ళంతా ఆ సంఖ్యనే తలుస్తారు. నాకు ధైర్యమిచ్చేది నడుమనున్న 24 ఏళ్ళు. 1862లో జబ్బుచేసి స్వదేశం వెళ్ళాల్సొచ్చినా జూయెట్ గారు ఆశ వదల్లేదు.

తమ్ముణ్ణి మార్చమని ఎప్పుడూ అడుగుతున్నదే. వాడి పక్కన విసుక్కోకుండా కూర్చునే ఓపిక నాకివ్వమనీ ఇప్పుడు అడుగుతున్నాను. ఆదివారం భోజనానికి పిలిచాను. వస్తానన్నాడు.