సింగపూరులో మా తీరిక రోజులు

గుమాస్తా ఉద్యోగికి సెలవు దొరకడమే ఒక పండుగ. అయితే ఆ పండుగను కూడా మనం ఆఫీసు పద్ధతిలోనే జరుపుకుంటాము. ఊరు చేరేసరికి చేతిలో ఒక జాబితా ఉండాలి. ఉదయం ఫలానా గుడి, మధ్యాహ్నం ఫలానా మ్యూజియం, సాయంత్రం బజారు. ఒక్కొక్కటే కొట్టివేసుకుంటూ పరుగెత్తడం, తిరిగి వచ్చాక ఒళ్లు నొప్పులకని మరి రెండు రోజుల సెలవు పెట్టడం!

ఈ పర్యాయం మేము జాబితా లేకుండా, తోడు లేకుండా సింగపూరు వెళ్లి వచ్చాము. ‘మేము’ అన్నామని కుటుంబ సమేతంగా అనుకోకండి. అది పత్రికకు వ్రాసేటప్పటి మర్యాద. వెళ్లినది ఒక్క శాల్తీయే. ఇంటావిడకు విమానమంటే భయం, అమ్మాయికి పరీక్షలు. మొత్తం ఐదు రోజులు. అందులో మొదటి మూడు రోజులు ఏమీ చూడాలని పెట్టుకోకూడదని బయలుదేరే ముందే నిశ్చయించుకున్నాము.

తిరుచిరాపల్లి నుండి విమానంలో నాలుగు గంటల ప్రయాణం. దిగగానే గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. విమానాశ్రయంలోనే రైలెక్కి, ఎక్స్‌పో అనే స్టేషనులో మారితే లిటిల్ ఇండియా పేటలోనే దిగవచ్చు. సుమారు 60 లక్షల జనం 730 చదరపు కిలోమీటర్ల చిల్లర నేలలో సర్దుకుని ఉన్న నగరం అది. అయినా తోపులాట లేదు. మెట్ల యంత్రం మీద నిలబడేవారు ఎడమ ప్రక్కన నిలబడి, తొందర ఉన్నవారికి కుడి ప్రక్క వదలిపెడతారు. మాకు తొందర లేదు గనుక మూడు రోజులూ ఎడమ ప్రక్కనే నిలబడ్డాము.

రైలులో హెచ్చరిక వినబడింది. ఇంగ్లీషు, చైనా, మలయ్ భాషలలో చెప్పాక తమిళంలో కూడా చెప్పారు. ఆ దేశానికి ఈ నాలుగూ అధికార భాషలే. అక్కడ భారత సంతతివారు నూటికి తొమ్మిది మంది. ఇంట్లో తమిళం మాట్లాడేవారు ఇంకా తక్కువ. అయినా స్టేషను పలకల మీద ఆ లిపి కనబడింది. మాకు చిత్రంగా తోచింది. ‘ఇంట తెలుగు, వీధిన తమిళం’ అని మా పెద్దలు గీత గీసి పెంచారు. గడప దాటితే తమిళం ‘వాళ్ల’ భాష. ఆ ‘వాళ్ల’ భాష పరాయి దేశంలో చెవిన పడగానే ప్రాణం లేచి వచ్చింది!

మర్నాడు నిద్ర లేచేసరికి అక్కడి గడియారంలో ఎనిమిది. మా ఒంటికి మాత్రం ఐదున్నరే. ఆ ద్వీపం భూమధ్యరేఖకు సుమారు 137 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నందున ఏడాది పొడవునా సూర్యుడు ఏడు గంటల ప్రాంతంలోనే ఉదయిస్తాడు. టెక్కా సెంటర్ అనే బజారు భోజనశాలకు నడిచి వెళ్లి ఒక బల్ల దగ్గర కూర్చున్నాము. ఒకప్పుడు ఆ చుట్టుప్రక్కల పశువుల వ్యాపారం సాగేదట. ప్రక్క వీధికి నేటికీ బఫెలో రోడ్ అనే పేరు. అక్కడ ఖాళీ బల్ల మీద చేతిగుడ్డ కాగితాల పొట్లం కనబడితే ఎవరో స్థలం పట్టుకున్నారని అర్థం. మన బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్లే గదా!

కాఫీ సంగతి చెప్పకుండా ఉండలేము. దాన్ని అక్కడ ‘కోపి’ అంటారు. గింజలను చక్కెర, వెన్నవంటి కొవ్వు వేసి నల్లగా వేయించి, మేజోడు వంటి పొడుగాటి గుడ్డ సంచిలో వడగడతారు. పాలు వద్దంటే ‘కోపి-ఓ’, చక్కెర కూడా వద్దంటే చివర ‘కొసోంగ్’ అని చేర్చాలి. మన ఫిల్టరు కాఫీకి సాటి వస్తుందని చెప్పము గాని రెండో గ్లాసు కూడా త్రాగాము. ప్రక్క దుకాణంలోని ముసలామె మమ్మల్ని చూసి, ‘ఒక్కడివే వచ్చావా? తిన్నావా?’ అని తమిళంలో అడిగింది. ఆ ప్రశ్న విన్నాక అది ‘వాళ్ల’ భాష అనడానికి నోరు రాలేదు.

మధ్యాహ్నం నిద్రపోయి, సాయంకాలం సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో ఉన్న మారియమ్మ గుడికి వెళ్లాము. 1827లో వెలసిన గుడి. అది ఉన్నది చైనావారి పేటలో! గుడి గోపురాన్ని బట్టే ప్రక్క వీధికి పగోడా స్ట్రీట్ అని పేరు వచ్చింది. కొంచెం దూరంలో మసీదు, దాని పేర ఇంకొక వీధి. అరుగు మీద గంటసేపు కూర్చుని వచ్చేపోయేవారిని చూశాము.

రెండవ రోజు వృక్షోద్యానం. 1859లో పెట్టిన తోట. 2015లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. ప్రవేశ రుసుము లేదు. 1877లో రబ్బరు మొక్కలు అక్కడికి చేరాయి. 1888లో తోట అధికారిగా వచ్చిన రిడ్లీ అనే ఆయన చెట్టు చావకుండా పాలు తీసే విధానం కనిపెట్టి, రబ్బరు నాటమని తోటల యజమానుల వెంటబడ్డాడు. జనం ఆయనను ‘పిచ్చి రిడ్లీ’ అన్నారు. తరువాత మలయా అంతా రబ్బరు తోటలైపోయింది. వాటిలో పనికి విశాఖ, శ్రీకాకుళం వైపు నుండి వేలాది తెలుగు కూలీలు ఓడలెక్కారు. చల్లని నీడలో తీరికగా కూర్చున్న మాకు ఆ ఓడలు తలపుకు వచ్చి, కొంతసేపు లేవబుద్ధి కాలేదు.

మూడవ రోజు ఆదివారం. ఆ రోజు లిటిల్ ఇండియా నిండా మన దేశం, బంగ్లాదేశ్‌ల నుండి వచ్చిన పనివారే. వారానికొక్క సెలవు. పచ్చిక మీద గుంపులుగా కూర్చుని ఇళ్లకు ఫోన్లు చేసుకుంటారు. మేమూ ఒక ప్రక్కన చతికిలబడ్డాము. వెనుక నుండి, ‘అమ్మ మాట వింతన్నావా లేదా?’ అని వినబడింది. తెలుగు! అతడు ఫోను పెట్టేదాకా ఆగి పలకరించాము. శ్రీకాకుళం జిల్లావాడు, ముప్పయ్యేళ్లుంటాయి. కట్టడాల పని. ఇల్లు చూసి రెండేళ్లయిందట.

మా మాట విని నవ్వాడు. ‘మీది తెలుగే గాని అరవ యాస ఉంది. ఏ ఊరు బాబూ మీది?’

‘తిరుచిరాపల్లి తమ్ముడూ. మా పెద్దలు నాయకరాజుల నాడు వచ్చారు.’

‘అంటే ఎన్నేళ్లయింది?’

‘నాలుగైదు వందలు.’

అతడు కాసేపు లెక్క వేసుకుని, ‘మరి మీ ఊరు ఎప్పుడు వెళ్తారు బాబూ?’ అన్నాడు.

పరిహాసానికి అడిగినది కాదు. రెండేళ్లను రోజులుగా లెక్కపెట్టుకుంటున్న మనిషి, వందల ఏళ్లయినా తిరిగి వెళ్లనివారిని చూసి నిజంగా జాలిపడ్డాడు. అదే మా ఊరని చెప్పాము. నమ్మలేదు. ‘అక్కడే పుట్టి, అక్కడే చదివి, ఇంకా తెలుగు మాట్లాడుతున్నారా!’ అని మాత్రం రెండుసార్లు అన్నాడు. లేచేటప్పుడు టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. మా అమ్మాయి మేము తెలుగులో అడిగితే తమిళంలో బదులు చెబుతుంది. బడిలో లేదు, పరీక్షలో లేదు, తెలుగు దేనికి పనికివస్తుందని వాదిస్తుంది. మేమేమో తమిళం మీద విసుక్కుని ఊరుకుంటాము. సింగపూరులో మూడు రోజులు ఊరికే తిరిగాక, ఆ విసుగు తప్పు చోట పడుతున్నదని తెలిసింది. ‘తిన్నావా?’ అన్న తమిళం మాకు తెలుగును తక్కువ చేయలేదు. నాలుగు భాషలు ఒకే పలక మీద ఇమిడినప్పుడు, ఒక ఇంట్లో రెండు ఇమడవా?

మిగిలిన రెండు రోజులూ అందరూ చూసేవే చూశాము. వాటిని గురించి వ్రాయడానికి మాకన్నా సమర్థులున్నారు.

ఇల్లు చేరాక అమ్మాయి, ఏమి తెచ్చావని తమిళంలోనే అడిగింది. కోపి వడగట్టే గుడ్డ సంచి తీసి ఇచ్చాము. పచ్చిక మీద కలిసిన మనిషి సంగతి చెప్పి, అతడడిగిన ప్రశ్న కూడా చెప్పాము. అది సంచిని అటూ ఇటూ త్రిప్పి చూస్తూ, ‘ఇదే గదా నాన్నా మన ఊరు?’ అన్నది, తెలుగులో.