జిడ్డుకి జిడ్డే విరుగుడు

మొన్న సంక్రాంతికి, భోగి ముందు రోజు మా అమ్మాయి తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. వాళ్ళత్తగారిచ్చిన అరిసెల డబ్బా నా చేతిలో పెట్టి, బ్యాగులోంచి ఒక చిన్న సీసా తీసింది. "అమ్మా, ఇది మొహం కడుక్కునే నూనె" అంది. నాకు నవ్వాగలేదు. జిడ్డు పోవాలని సబ్బు రుద్దుకుంటాం గానీ, జిడ్డు పోవడానికి మళ్ళీ నూనెా? మీరైనా అదే అంటారు కదూ!

పండక్కొచ్చిన పిల్ల మాట కాదనలేక పీట మీద కూర్చున్నాను. మొహమూ, చేతులూ పొడిగా ఉండాలట, అది మొదటి నియమం. చెంచాడు నూనె అరచేతిలో వేసుకుని నుదురు, బుగ్గలు, ముక్కు పక్క సందులు వేలికొసలతో ఒక్క నిమిషం మెల్లగా రాసింది. కళ్ళు మూసుకోమని కాటుక మీద కూడా అద్దింది. తర్వాత చేతులు తడి చేసుకుని మళ్ళీ రాసేసరికి ఆ నూనె కాస్తా పాలలా తెల్లగా మారిపోయింది! గోరువెచ్చటి నీళ్ళతో నాలుగు దోసిళ్ళు కడిగితే చాలు, జిడ్డు లేదు. సబ్బు పెట్టుకున్నాక చర్మం లాగేసినట్టుంటుంది చూడండి, ఆ బాధా లేదు. కాటుక మరక తుండుగుడ్డకి కూడా అంటలేదు.

ఇందులో మాయేమీ లేదు. కాటుక, క్రీములు, చర్మంలోంచి ఊరే జిడ్డు నీళ్ళలో కరగవు, నూనెలో కరుగుతాయి. ఆ సీసాలో నూనెనీ నీళ్ళనీ కలిపే పదార్థం ఒకటి ఉంటుంది, అందుకే పాలలా మారి కడిగితే పోతుంది. జపాన్‌లో షు ఉయెమురా అనే మేకప్ కళాకారుడు 1960ల్లోనే ఇలాంటి నూనెని పేరులోకి తెచ్చారు. అంతెందుకు, మన నాటకాల వాళ్ళు, కూచిపూడి కళాకారులు రంగు తీసేసుకోవడానికి వాడేది కొబ్బరినూనే కదా!

అసలు ఈ విద్య మా అమ్మమ్మకి ఎప్పుడో తెలుసు. ఆవిడది కైకలూరు వైపు కొల్లేటి పక్క పల్లెటూరు. కొల్లేరు మంచినీటి సరస్సే గానీ, ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు ఎగదన్నే ప్రాంతం కాబట్టి చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అలాంటి నీళ్ళలో సబ్బు నురగ రాదు సరికదా, తెల్లటి తెట్టులా మొహానికి అంటుకుపోతుంది. అందుకని అమ్మమ్మ సబ్బు జోలికే వెళ్ళేది కాదు. నువ్వులనూనె రాసి, కాసేపాగి, తడిపిన సున్నిపిండితో అద్ది తీసేసేది. "నూనె మురికిని లాగుతుంది, పిండి నూనెని లాగుతుంది" అనేది. మా చిన్నప్పుడు ఆ చేతుల కింద నిద్రొచ్చేసేది.

నేను అమ్మమ్మ దగ్గర నూనె పెట్టడం నేర్చుకున్నాను గానీ, ఆవిడ చెయ్యి నేర్చుకోలేదు. ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా మీతో కాక ఎవరితో చెప్పుకుంటాను?

మా అమ్మాయి చామనఛాయ. పుట్టినప్పటినుంచీ చూడవచ్చిన ప్రతివాళ్ళూ "నలుగు బాగా పెట్టు, రంగు తేలుతుంది" అనేవారు. నేనూ నమ్మాను. ప్రతి తలంటికీ బుగ్గలు కందిపోయేలా రుద్దేదాన్ని. 2012లో తాడేపల్లిగూడెం సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులు మూడు రోజులుందనగా సున్నిపిండిలో నిమ్మరసం పిండి, దాని మొహమంతా పట్టించి, ఆరాలని డాబా మీద ఎండలో కూర్చోబెట్టాను. మర్నాటికి మొహం మంట. చూపుల నాటికి రెండు బుగ్గల మీదా నల్లటి మచ్చలు. నిమ్మరసం ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టవుతుందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. సున్నిపిండిలో వేసే బావంచాలకీ ఆ గుణం ఉందట.

అబ్బాయి వాళ్ళు మచ్చల గురించి ఒక్క మాటా అనలేదు. పెళ్ళి చక్కగా జరిగింది. కానీ ఆ రోజు అద్దం ముందు నిలబడి మా అమ్మాయి అన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. "నా మొహం నీకెందుకు నచ్చదమ్మా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. మచ్చలు కొన్ని నెలలకి పోయాయి. అప్పటినుంచి భోగి తలంటికి తల ఇచ్చేది గానీ, మొహం మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు.

సరే, నూనె సంగతికొస్తాను. మీరూ ప్రయత్నించాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. ముందుగా మోచేతి లోపలి వైపు కాస్త రాసి రెండు రోజులు చూడండి. దురద, దద్దురు లేకపోతేనే మొహానికి వాడండి. సీసా కొనలేకపోతే వడకట్టిన నువ్వులనూనె చాలు. అయితే అది నీళ్ళతో పోదు కాబట్టి, మెత్తగా జల్లించిన పెసరపిండి తడిపి, రుద్దకుండా అద్ది తియ్యాలి. రోజూ వద్దు, కాటుకో, మేకప్పో పెట్టుకున్న రోజున చాలు. మొటిమలున్న వాళ్ళు కొబ్బరినూనె మొహానికి రాయకండి, రంధ్రాలు మూసుకుపోతాయి. మంగు మచ్చలు నూనెతో పోవు, డాక్టరుకి చూపించుకోవాలి. తెల్లబడతామని మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీముల జోలికి అసలు వెళ్ళకండి. వాటితో చర్మం పలచబడిపోతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం అలాంటి చాలా క్రీముల్ని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది కూడా.

అన్నిటికన్నా ముఖ్యం, నూనె మురికిని తీస్తుందే గానీ రంగుని మార్చదు. మార్చక్కర్లేదు కూడా. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

కనుమ నాడు సాయంత్రం, ముంగిట్లో ముగ్గు చుట్టూ పిల్లలు ఆడుకుంటున్నారు. అమ్మాయి ఆ సీసా పట్టుకొచ్చి నా ముందు పీట వేసుకుంది. "రేపు ఊరెళ్ళిపోతాను కదా, నాకూ ఓసారి పెట్టవే అమ్మా" అంటూ మొహం పైకెత్తి కళ్ళు మూసుకుంది. నా చేతులు వణికాయి. చెంచాడు నూనె తీసుకున్నాను. నుదుటి నుంచి మొదలుపెట్టి, బుగ్గల మీదుగా గడ్డం దాకా, అమ్మమ్మ రాసినట్టే రాశాను.

కాసేపటికి దాని తల నా మోకాలి మీదకి వాలిపోయింది. నిద్రపోయింది.