తల్లి కణం దాచుకున్నది

బేకరీలో రొట్టెని పొంగించేదీ, కల్లుని పులియబెట్టేదీ ఈస్టే. కంటికి కనపడని ఏకకణ శిలీంధ్రం. ముసలితనం ఎందుకొస్తుందో తెలుసుకోవాలనుకునే శాస్త్రవేత్తలకి ఇదంటే చాలా ఇష్టం. ఎందుకంటే ఇది సరిసమానంగా రెండు ముక్కలవదు. ఒంటిమీద చిన్న మొగ్గ తొడుగుతుంది, అది పెరిగి విడిపోతుంది. ఎవరు తల్లో ఎవరు పిల్లో స్పష్టంగా తెలుస్తుంది.

1959లో మార్టిమర్, జాన్‌స్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పుట్టిన పిల్లని పుట్టినట్టు పక్కకి తీసేస్తూ తల్లి కాన్పులు లెక్కపెట్టారు. సగటున 24 దాకా వచ్చాక తల్లి ఆగిపోయింది. ప్రతి కాన్పూ దాని గోడమీద ఒక మచ్చ మిగులుస్తుంది. 2003లో స్వీడన్ పరిశోధకులు ఇంకోటి చూపించారు. విడిపోయేటప్పుడు పాడైపోయిన ప్రొటీన్లు ఎక్కువగా తల్లిలోనే ఉండిపోతాయి. పిల్ల వయసు మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది.

క్లాసులో ఈ పాఠం చెప్తుంటే ఒకమ్మాయి ఆరాధనగా అంది, "అమ్మంటే అంతే కదా మేడమ్!" అని.

నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. ఈస్టులో ఆడా మగా లేవు. 'ఏ', 'ఆల్ఫా' అని రెండు రకాల కణాలున్నాయి. మొగ్గ తొడిగితే రెండింటినీ తల్లి అనే అంటారు! ఆ పేరు మనం పెట్టిందే. అండం ఎదురుచూస్తుందనీ శుక్రకణం సాహసం చేస్తుందనీ పాఠ్యపుస్తకాలు కథలల్లిన తీరుని 1991లోనే ఎమిలీ మార్టిన్ ఎత్తి చూపింది. ఇక్కడా అంతే. ముందు మన ఇళ్ళలోని తల్లిని కణంలో కూర్చోబెడతాం. తర్వాత కణాన్ని చూపించి త్యాగం ప్రకృతి ధర్మం అంటాం.

మా అమ్మ మోకాళ్ళ నొప్పులు, రక్తపోటు, చివరికి గుండెలో నొప్పి కూడా మాకు తెలియనివ్వలేదు. "పిల్లలెందుకు బాధపడాలి" అనేది. ఆమె పోయాక వచ్చినవాళ్ళంతా ఎంత ఓర్పో అని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు వింటూనే కదా ఆమె అన్నేళ్ళూ నోరు నొక్కుకుంది!

ఆ క్లాసులో మిగతా సగం కూడా చెప్పాను. తల్లి కణం మరీ ముసలిదైతే ఆ హద్దు నిలవదు. దానికి పుట్టే పిల్లలు మామూలు పిల్లలంత కాలం బతకవని 1994లో అమెరికాలో తేల్చారు. తల్లి ఎంత మోసినా కొంత పిల్లలకి చేరుతూనే ఉంటుంది. మాకూ చేరింది - చెప్పుకోకపోవడం అనే అలవాటు.

ఈస్టు కణానికి వేరే దారి లేదు. మనకుంది. ఈ మధ్య అక్కా నేనూ డాక్టరు రాసిచ్చిన చీటీలు ఒకరికొకరం చూపించుకుంటున్నాం. మా అమ్మాయిలు కూడా పక్కనే కూర్చుని చదువుతున్నారు.