ముక్క పాడైతే మార్కరేం చేస్తుంది?

హైదరాబాదులో మా చిన్నాన్న కూతురు పాథాలజిస్టు. అడ్రినల్ కేన్సర్ మీద రాస్తున్నానంటే, "ముందు మా ల్యాబుకు రా అన్నయ్యా" అంది. వెళ్లాను. ఖరీదైన మెషీన్లున్న గదులు చూపిస్తానంది గానీ, నా కాళ్లు ముక్కలను పలచగా కోసే యంత్రం, మైక్రోటోమ్ దగ్గరే ఆగిపోయాయి.

అక్కడున్న సీనియర్ టెక్నీషియన్‌కు యాభై దాటి ఉంటాయి. కుడిచేత్తో చక్రం తిప్పుతుంటే, మైనంలో పొదిగిన కణితి ముక్క బ్లేడు మీదుగా పూతరేకు కన్నా పలచటి రిబ్బనై వస్తోంది. మందం 3, 4 మైక్రాన్లు. దాన్ని కుంచె కొసతో అందుకుని వెచ్చటి నీళ్ల మీద పరిచారు. ముడత విడిపోగానే స్లైడును కిందనుంచి పోనిచ్చి పైకెత్తారు. ఒకదానిలో చిన్న గీత పడింది. పారేసి మళ్లీ కోశారు. రిబ్బన్ ఎగిరిపోకుండా ముఖం పక్కకు తిప్పి ఊపిరి వదులుతున్నారు.

అడ్రినల్ కార్టెక్స్ (మూత్రపిండం పైనుండే గ్రంథి వెలుపలి పొర) కేన్సర్ ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుంది. అక్కడ పెరిగే గడ్డల్లో చాలావరకు ప్రమాదం లేనివే. ఏది కేన్సరో తేల్చడానికి 1984 నుంచి వైస్ స్కోరు ఉంది: మైక్రోస్కోపు కింద చూసే 9 లక్షణాల్లో కనీసం 3 కనిపిస్తే కేన్సర్‌గా లెక్కిస్తారు. ఇప్పుడు మాలిక్యులర్ గుర్తులూ (మార్కర్లు) తోడయ్యాయి. ఎస్ఎఫ్-1 ప్రోటీను కణకేంద్రకాల్లో గోధుమరంగుగా తేలితే, గడ్డ అడ్రినల్ కార్టెక్స్‌లోనే పుట్టిందని, మరో అవయవం నుంచి పాకింది కాదని నమ్మొచ్చు. ఐజీఎఫ్2 జన్యువు ఈ కేన్సర్లలో సుమారు 90 శాతంలో మితిమీరి పనిచేస్తుంది. ఎన్ని కణాలు విభజన బాటలో ఉన్నాయో కేఐ-67 చెబుతుంది. అది 10 శాతం దాటితే ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ. మైటోటేన్ అనే మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆ అంకె చూసే ఆలోచిస్తారు.

ఇంతలో వెనక బల్ల దగ్గర మాటలు పెరిగాయి. వేరే ఊరి ఆసుపత్రి నుంచి 12 సెంటీమీటర్ల గడ్డ వచ్చింది. కోయకుండా, చిన్న డబ్బాలో ఇరికించి, ముక్క కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్‌ను సగానికే పోసి పంపారు.

"పైన గట్టిపడింది, లోపల కుళ్లింది సార్," అన్నారు సీనియర్ టెక్నీషియన్ నావైపు తిరిగి. "ముక్కకు పదింతలు ఫార్మలిన్ పొయ్యాలి. పెద్దదైతే కోసి పొయ్యాలి. గంటకు మిల్లీమీటరు దిగడమే గొప్ప. అది చెయ్యకుండా రిజల్టేదని మమ్మల్ని అడుగుతారు."

నాకు చాలా కోపం వచ్చింది. ఫార్మలిన్ అందని చోట కణాలు చెదిరిపోతాయి, విభజన ఆనవాళ్లు చెరిగిపోతాయి, కేఐ-67 ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. తక్కువ అంకె చూసి ఊరటపడిన కుటుంబానికి అసలు సంగతి జబ్బు తిరగబెట్టాక గాని తెలియదు. కోట్లు పెట్టి యంత్రాలు కొంటున్నాం, మంచిదే. ఆపరేషన్ థియేటర్లో పెద్ద డబ్బా, సరిపడా ఫార్మలిన్, దాన్ని పోయడం తెలిసిన మనిషి ఉన్నారా అని ఎవరూ అడగరు. ఈ చేతులు ఎంత నేర్పుగా కోసినా, చెడిపోయి వచ్చిన ముక్కకు ప్రాణం పోయలేవు. ఇలాంటి పనిమంతులను తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. ఆ తర్ఫీదుకు పెట్టే డబ్బును మన ఆసుపత్రులు పెట్టుబడిగా కాక ఖర్చు కిందే లెక్కేయడం నాకు బాధ కలిగించింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి గడ్డ తీయబోతుంటే, ముందురోజే సర్జన్‌ను అడగండి: ముక్కను ఎవరు, ఎప్పుడు, ఎంత ఫార్మలిన్‌లో వేస్తారని. తర్వాత ఆ మైనం బ్లాకు ఎక్కడ భద్రపరిచారో రాయించుకోండి. ఏళ్లు గడిచాక కొత్త పరీక్ష వచ్చినా అది పనికొస్తుంది.