నాగలి దిగని చేలు

తెనాలిలో రేపల్లె రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. జనవరి నెలైతే మరీ మంచిది. వరి కోసిన మళ్లలో కొయ్యకాళ్లు అలాగే ఉంటాయి. దుక్కి దున్నిన జాడే కనపడదు. కానీ ఆ కొయ్యకాళ్ల మధ్య నుంచే పచ్చగా మినుము! అక్కడక్కడా మోకాలెత్తు మొక్కజొన్న. ఎప్పుడు దున్నారు, ఎప్పుడు విత్తారు అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోవాల్సిందే. అసలు దున్నితే కదా!

భట్టిప్రోలులో దిగాను. ఊరి పేరు చెబితే బౌద్ధ స్తూపం గుర్తొస్తుంది ఎవరికైనా. నేను మాత్రం చేలవైపు నడిచాను. గట్టు మీద ఓ పెద్దాయన.

'దున్నకుండా ఎలా పండుతుంది బాబాయ్?' అనడిగితే నవ్వాడు.

'మా తాతల నాటి నుంచీ ఇంతే అబ్బాయ్. కోతకి రెండు మూడు రోజుల ముందు, వరి నిలబడి ఉండగానే పదును చూసి మినుములు చల్లేస్తాం. కోసిన పనలు ఆరి కుప్పకెళ్లేసరికి కింద మొలకొచ్చేస్తుంది. ఆ తర్వాత దానికి మంచే నీళ్లు.'

మాగాణి మినుము అంటే ఇదే. ఎకరాకు 16 నుంచి 18 కిలోల విత్తనం. నాగలి ఖర్చు లేదు, నీటి తడీ లేదు. కృష్ణా డెల్టా రేగడిని వరి కోశాక దున్నామా... పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. ఉన్న కాస్త పదునూ ఎగిరిపోతుంది. అవసరం నేర్పిన సేద్యం ఇది. 'జీరో టిల్లేజ్' అనే పేరు తర్వాతెప్పుడో వచ్చింది.

పెద్దాయన ఓ మొక్క పీకి వేళ్లు చూపించాడు. ఆవగింజల్లా బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీరితే లోపల గులాబీ రంగు. ఆ రంగుంటే లోపలి రైజోబియం బ్యాక్టీరియా పనిలో ఉన్నట్టు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది, మొక్క దానికి తిండి పెడుతుంది. ఒక్క గ్రాము మట్టిలో ఇలాంటి సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి. వాటితోపాటు కంటికి ఆనని శిలీంధ్రాల దారాలు. మట్టి రేణువుల్ని కలిపి పట్టి ఉంచేవి అవే. నాగలి దిగితే ఆ దారాలు తెగిపోతాయి. గాలి ఒక్కసారిగా లోపలికి చొరబడుతుంది. సూక్ష్మజీవులకి పండగే! నేల దాచుకున్న సేంద్రియ పదార్థాన్ని గబగబా తినేస్తాయి. అది బొగ్గుపులుసు వాయువై గాల్లో కలిసిపోతుంది. దున్నిన ఏడు పైరు ఏపుగా రావడానికి అదీ ఒక కారణమే. కాకపోతే అది కూడబెట్టిన సొమ్ము ఖర్చు పెట్టడం.

నాగలి లేకపోతే మట్టి గుల్లబారదని మనకో భయం. వానపాముల పనితనం మీద డార్విన్ 1881లో పుస్తకమే రాశాడు. పైగా నల్లరేగడి సంగతి వేరు. ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బి మూసుకుంటుంది. తనను తానే దున్నుకునే నేల!

అలాగని ఈ నేలకి దుక్కి బాధే లేదనుకోకండి. సార్వా వస్తే దమ్ము తప్పదు. కేజీ వీల్స్ తగిలించిన ట్రాక్టరు మడిని గుజ్జు గుజ్జు చేస్తుంది. నీళ్లు ఇంకిపోకుండా వరికి అది కావాలి. కానీ మట్టి కట్టుకున్న అరలన్నీ కూలిపోతాయి. అడుగున గట్టి పొర పడుతుంది. నీళ్లు నిలిచాక గాలి అక్కర్లేని జీవుల రాజ్యం... మీథేన్ వచ్చేదీ అప్పుడే. శిలీంధ్రాలు సన్నగిల్లుతాయి. వరి కోశాక అవన్నీ మళ్లీ మొదటి నుంచి రావాలి. శీతాకాలం పైరుకి దున్నకపోవడం ఆ నేలకి దొరికే ఒక్క విరామం.

ఆ విరామానికీ ఇప్పుడు చిక్కొచ్చింది. కూలీలు దొరక్క కోత మిషన్ దిగాక, దాని చక్రాల కింద మినుము మొలక నలిగిపోతోంది. దానికితోడు పల్లాకు తెగులు, బంగారు తీగ. అందుకే 2000 తర్వాత చాలామంది మొక్కజొన్నకి మళ్లారు. దాన్నీ దున్నకుండానే, కొయ్యకాళ్ల మధ్య గుంట చేసి విత్తుతారు.

పెద్దాయన కొడుకు పక్క మడిలో జొన్న వేశాడు. 'మినుము ఎంత బాగా పండినా 6, 7 క్వింటాళ్లండీ. ఇది 30 దాటుతుంది' అన్నాడు. ధరలో తేడా ఉన్నా లెక్క లెక్కే. అయితే మొక్కజొన్నకి తడులు కావాలి, యూరియా కావాలి. దుక్కి లేదు కాబట్టి కలుపుకీ, తిరిగి చిగిర్చే వరి దుబ్బులకీ గడ్డిమందు కొట్టాలి. పారాక్వాట్ అయితే పొరపాటున కడుపులోకి పోతే విరుగుడే లేదు. నాగలి చేసే పని డబ్బాలోని మందు చేస్తోందన్నమాట. దున్నకపోతే చాలు నేల బాగుపడిపోతుందనుకుంటే పొరపాటే. కర్బనం చేరేది ముఖ్యంగా పైపొరలో. అదీ గడ్డీగాదం తిరిగి నేలకి అందితేనే. మిషన్ కోసిన మళ్లలో అక్కడక్కడా నల్లటి బూడిద మచ్చలు కనిపించాయి. గడ్డి తగలబెట్టిన చోట్లు.

'ఈ మడి మాత్రం మినుముకే' అన్నాడు పెద్దాయన, కొడుకు వినేలా. కొడుకు మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు నాతో మెల్లగా చెప్పాడు. కోత అయ్యాక దున్నకుండానే మినుము విత్తే ట్రాక్టర్ గొర్రు ఒకటి వచ్చిందట, వచ్చే ఏడు అద్దెకి తెచ్చి ఆ మడిలోనే చూస్తాడట.